ఒక పాత మేళము – దాని మలినాటి ఆల్బములు



ఒకే మేళమును ఏబది యేండ్లు నడపుట యెంత కష్టమో మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు. భజనసమాజమైనను, నాటకసమాజమైనను పదియేండ్లు చెక్కుచెదరక నిలిచినచో మనము అబ్బురముగ చెప్పుకొందుము. ఒకరికి గొంతు పోవును. ఒకరికి చెవి మందగించును. ఒకరు కాలము చేయుదురు. మిగిలినవారికి పొత్తు కుదరదు. ఈ కష్టములన్నియు అనుభవించియు 1973వ సంవత్సరమునుండి నేటివరకు నిలిచియున్న యొక విదేశీయ మేళమును గుఱించి యీ ప్రసంగమున ముచ్చటించెదను. దాని పేరు ఏసీ డీసీ. అది ఆస్ట్రేలియా దేశమందలి సిడ్నీ నగరమున పుట్టినది. వారు వాయించునది రాక్ సంగీతము.

వారి యౌవనకాలపు కీర్తిని గుఱించి చెప్పినవారు పెక్కురు గలరు. నేను చెప్పదలచినది 2000వ సంవత్సరమునుండి వారు వెలువరించిన నాలుగు ఆల్బములను గుఱించి. వీనిని వారు పడుచుదనము గడచిన పిదప కూర్చిరి. ఈ కాలముననే ఆ మేళమునకు వెన్నెముక వంటివాడు క్రమక్రమముగ జ్ఞాపకశక్తిని కోల్పోయి, తుదకు మరణించెను. వెన్నెముక పోయిన పిమ్మట మేళము నిలుచునా? పాట కట్టినవాడే ఆ పాటను మఱచిపోయినచో, ఆ పాట యిక ఎవరిది? ఈ రెండు ప్రశ్నలకును ఆ ఆల్బములలో సమాధానము దొరకునని నా యభిప్రాయము.

మొదట కొన్ని మాటలకు అర్థము చెప్పుకొందము. ఆల్బమనగా పది పండ్రెండు పాటలను ఒక వరుసలో కూర్చి యొక్కటిగ వెలువరించు సంపుటము. పూర్వము అది గ్రామఫోను రికార్డుపై వచ్చెడిది. తరువాత కాసెట్టుపై, ఆ తరువాత కాంపాక్టు డిస్కుపై వచ్చినది. నేడు చేతిలోని ఫోనులోనికే వచ్చుచున్నది. ఫోనులోనికి వచ్చిన పిదప ఆల్బమును ముక్కలుచేసి ఒక్కొక్క పాటగ అమ్ముట వాడుకయైనది. ఏసీ డీసీ వారు దీనికి చాలకాలము సమ్మతింపలేదు. సంపుటమంతయు ఒక్కటిగ వినవలసినదని వారి పట్టుదల. 2012వ సంవత్సరపు చివరవరకు వారు తమ పాటలను ఆపిల్ సంస్థవారి అంగడిలో విడివిడిగ అమ్మనీయలేదు.

ఈ మేళమున ఐదుగురుందురు. ఒకరు పాడుదురు. ఒకరు డ్రమ్ములు వాయింతురు. ఒకరు మంద్రస్థాయిలో మ్రోగు బేస్ గిటారు వాయింతురు. మిగిలిన యిద్దఱు గిటారు పట్టుదురు. ఈ గిటారు విద్యుత్తుతో పనిచేయునది. తీగె కదలికను దాని క్రింద నమర్చిన అయస్కాంతపు చుట్ట గ్రహించి విద్యుత్తుగ మార్చును. ఆంప్లిఫయరను యంత్రము దానిని పెంచి లౌడుస్పీకరు ద్వారా వినిపించును. ఇద్దఱు గిటారుగాండ్రలో ఒకడు ముందు నిలిచి స్వరములతో విహరించును. వానిది లీడ్ గిటారు. రెండవవాడు వెనుక నిలిచి, పాట మొదలుకొని తుదివరకు, లయను స్వరాధారమును విడువక పట్టియుండును. వానిది రిథమ్ గిటారు. చూచువారి కన్ను మొదటివానిపై నుండును. పాట బరువు రెండవవానిపై నుండును. బుఱ్ఱకథలో కథకుడు గంతులు వేయుచుండగా జనులు అతనినే చూతురు గదా. కాని వంతలు గుమ్మెటపై దెబ్బ తప్పినచో ఆ గంతులకు ఊతముండదు. రిథమ్ గిటారు పని యించుమించుగ అట్టిదే.

రాక్ సంగీతమున తఱచుగ వాడు స్వరముల కూర్పొకటి గలదు. అందు షడ్జమము, పంచమము, పై షడ్జమము – ఈ మూడే యుండును. మన తంబురాలో మ్రోగునదియు నిదే. కావున ఈ సంగీతము మనకు క్రొత్తయైనను, దాని అడుగున నున్న ఆధారము మన చెవికి బొత్తిగ అపరిచితము గాదు. భేదమేమనగా, తంబురా ఒకే యాధారముపై నిలిచి మ్రోగుచుండును. రాక్ గిటారు ఆ యాధారమునే పాటపొడవున నాలుగైదు చోట్లకు జరుపుచు, ప్రతి జరుపును తాళపు దెబ్బతో ముడివేయును. ఆ జరుపులలో ఒక చిన్న వరుస మరల మరల వచ్చుచుండును. దానిని వారు రిఫ్ అందురు. మంచి రిఫ్ దొరకినచో పాట సగము పూర్తియైనట్లే.

ఇక ఆ మనుష్యులను గుఱించి. స్కాట్లాండునందలి గ్లాస్గో నగరమున యంగ్ అను కుటుంబ మొకటి యుండెను. ఆ యింట ఎనమండుగురు బిడ్డలు. 1963వ సంవత్సరమున ఆ కుటుంబములోని పెక్కురు ఆస్ట్రేలియాకు వలసపోయిరి. అప్పటికి మాల్కమ్‌కు పదియేండ్లు. కడగొట్టువాడగు ఆంగస్‌కు ఎనిమిది. వీరి అన్న జార్జి సిడ్నీలో ఈజీబీట్స్ అను మేళమున చేరి, 1966వ సంవత్సరమున ఒక పాటతో దేశదేశముల పేరు గాంచెను. తమ్ముళ్లు అన్నను చూచి నేర్చిరి. 1973వ సంవత్సరపు చివర మాల్కమ్, ఆంగస్ తమ మేళమును స్థాపించిరి. వీరి అక్క మార్గరెట్ తన కుట్టుమిషనుపై ఏసీ డీసీ యను నక్షరములను చూచి ఆ పేరు సూచించెను. అవి రెండు విధములైన విద్యుత్ప్రవాహములకు గుర్తులు. ఆంగస్ బడిపిల్లవాని పొట్టిలాగు, కోటు, టోపీలతో వేదిక నెక్కవలెననుటయు ఆమె సలహాయే. 2025వ సంవత్సరమున డెబ్బది యేండ్లు నిండిన పిమ్మట గూడ ఆయన ఆ వేషముతోనే వాయించెను. మొదటి ఆల్బములను కూర్చి సరిదిద్దినవాడు అన్న జార్జి, అతని మిత్రుడు హ్యారీ వాండా. ఇట్లు పేరు అక్కది, శిక్షణ అన్నది, వాద్యము తమ్ములది యైనది. మేళమనుటకంటె దీనిని ఒక కుటుంబవృత్తి యనుటయే తగును.

వారి పూర్వచరిత్రను సంగ్రహముగ చెప్పెదను. 1974వ సంవత్సరమున బాన్ స్కాట్ అను గాయకుడు చేరెను. 1980వ సంవత్సరము ఫిబ్రవరిలో అతడు లండనులో అకాలమరణము నొందెను. మేళము ముగిసినదని లోకులు తలచిరి. కాని యన్నదమ్ములు బ్రయన్ జాన్సన్ అను నింగ్లీషు గాయకుని చేర్చుకొని, ఆ యేడు జూలైలోనే బ్యాక్ ఇన్ బ్లాక్ అను ఆల్బమును వెలువరించిరి. మరణించిన మిత్రునికి సంతాపసూచకముగ దాని అట్టను నల్లగ వేయించిరి. ప్రపంచమున మిక్కిలిగ అమ్ముడుపోయిన ఆల్బములలో అది యొకటి. చావుతో దెబ్బతినియు వృత్తిని విడువకుండుట వీరు అప్పుడే నేర్చిరి. మలినాడు ఆ నేర్పు మఱియొకసారి కావలసివచ్చెను.

మాల్కమ్ యంగ్ వాదనమును గుఱించి కొంచెము విరివిగ చెప్పవలెను. లేనిచో తరువాతి కథ బోధపడదు. ఆయన వాయించిన గిటారు గ్రెచ్ సంస్థ 1963వ సంవత్సరమున చేసినది. అన్నగారి ఈజీబీట్స్ కాలమునుండి ఆయన చేతికి వచ్చినది. అందలి శబ్దగ్రాహకములలో ఒక్కదానిని మాత్రము నిలిపి, తక్కినవానిని ఆయన తీయించివేసెను. తీగెలు మిక్కిలి దళసరివి. ఇతరులు ఆంప్లిఫయరును హెచ్చించి శబ్దమును బొంగురుపఱచుచుండగా, ఆయన దానిని తగ్గించి ఉంచి, చేతి బలముతోనే ధ్వనిని రాబట్టెడివాడు. అందుచే ప్రతి తీగెయు వేఱువేఱుగ వినవచ్చును. ఆయన సోలోల జోలికి అరుదుగ పోయెను. వేదికపై వెనుక, డ్రమ్ముల ప్రక్క నిలిచి, వంతపాటకు మాత్రము ముందుకు వచ్చి, మరల తన చోటికి పోయెడివాడు. కాని ఏ పాట యెంత వేగమున నడువవలెనో, ఎచ్చట నిశ్శబ్దము నుంచవలెనో నిర్ణయించువాడు ఆయనయే. ఈ నిశ్శబ్దము ముఖ్యమైనది. ఏసీ డీసీ పాటలలో దెబ్బకును దెబ్బకును నడుమ ఖాళీ యుండును. ఆ ఖాళీని పూరింపక వదలుటకు ధైర్యము కావలెను. తాళజ్ఞానము లేనివాడు దానిని సహింపలేక ఏదో యొకటి వాయించి నింపివేయును.

ఇప్పుడు ఆ నాలుగు ఆల్బములకు వత్తము. నాలుగును కెనడా దేశమందలి వాంకూవరు నగరమున, వేర్‌హౌస్ అను నొకే ధ్వనిముద్రణశాలలో ముద్రింపబడినవి. నాలుగింటిలోని ప్రతి పాటకును రచయితలుగ ఆంగస్, మాల్కమ్ అన్నదమ్ముల పేర్లే యున్నవి. ఈ రెండవ సంగతి జ్ఞాపకముంచుకొనగోరెదను.

మొదటిది స్టిఫ్ అప్పర్ లిప్, 2000వ సంవత్సరపుది. దీనిని అన్న జార్జియే దగ్గఱనుండి తీర్చిదిద్దెను. అమెరికాలోని నల్లజాతివారి బ్లూస్ అను పాతపాటలనుండి రాక్ సంగీతము పుట్టినది. ఈ ఆల్బమున అన్నదమ్ములు ఆ మూలమునకు మరలిపోయిరి. వేగము తగ్గినది, ఆర్భాటము తగ్గినది, రెండు గిటారులు ఒకదానితో నొకటి మాటాడుకొనుచున్నట్లుండును. అమ్మకములలో ఇది వారి గొప్ప ఆల్బములతో సరిరాదు. అయినను మాల్కమ్ చేయి పూర్ణారోగ్యముతో నున్ననాటి మలికాలపు వాదనమును వినగోరువారు దీనినే వినవలెను.

తరువాత ఎనిమిదేండ్లు ఆల్బము లేదు. 2008వ సంవత్సరము అక్టోబరులో బ్లాక్ ఐస్ వెలువడెను. బ్రెండన్ ఓబ్రయన్ అను నిపుణుడు దీనిని కూర్చెను. ఇది ఇరువది తొమ్మిది దేశములలో అమ్మకములందు ప్రథమస్థాన మందినది. ఇందలి యొక పాటకు 2010వ సంవత్సరమున అమెరికావారి గ్రామీ బహుమానము వచ్చెను. వారికి అదే మొదటి గ్రామీ. లోపము చెప్పవలెనన్నచో, పదునైదు పాటలు ఎక్కువ. నాలుగైదు పాటలు తీసివేసియున్నచో సంపుటము గట్టిపడియుండెడిది. ఎనిమిదేండ్ల పంటను ఒక్కసారిగ కళ్లమునకు తెచ్చినప్పుడు తాలు కొంత కలియుట సహజము.

కాని ఈ ఆల్బమును విను వారెవరికిని తెలియని సంగతి యొకటి అప్పుడు ఆ గదిలో జరుగుచుండెను. మాల్కమ్‌కు మఱపు ప్రారంభమైనది. అప్పటికి ఆయనకు ఏబదియైదేండ్లు. ఆయన యెప్పుడును ఏ పనినైనను పద్ధతిగ అమర్చుకొనువాడు. అట్టివాడు తడబడుట చూచి తనకు సందేహము కలిగెనని తమ్ముడు పిమ్మట చెప్పెను. ఆల్బము వెలువడగనే లోకయాత్రకు బయలుదేఱవలెను. మాల్కమ్ వెనుదీయలేదు. తాను ముప్పదియేండ్లుగ వాయించిన పాటలనే, తాను కట్టిన పాటలనే, మరల మొదటినుండి నేర్చుకొని వేదిక యెక్కెను. 2008 మొదలు 2010 వరకు దేశదేశములు తిరిగెను. 2010వ సంవత్సరము జూన్ 28వ తేది స్పెయిన్ దేశమందలి బిల్బావో నగరమున ఆ యాత్ర ముగిసెను. అదియే ఆయన చివరి కచేరి. ఆ స్థితిలోను అంతకాలము వాయించెనన్నచో ఆయన సాధన యెంతటిదో ఊహింపుడు.

ఇచ్చట ఒక మాట విడిగ చెప్పవలసియున్నది. వయస్సు మీఱినకొలది పేర్లు జ్ఞాపకము రాకుండుట, వస్తువు పెట్టినచోటు మఱచుట అందఱికిని కలుగును. మాల్కమ్‌కు కలిగినది అది గాదు. అది డిమెన్షియా అను వ్యాధి. అందు మెదడులోని కణములు క్రమముగ నశించును. తెలిసిన త్రోవ తెలియకపోవును. చేసిన పని చేయలేదనిపించును. తుదకు తనవారే తెలియకపోదురు. అది కర్మఫలమును గాదు, సిగ్గుపడవలసిన విషయమును గాదు. వైద్యునకు చూపవలసిన జబ్బు. ఈ రోగులలో పెక్కుమందికి తక్కిన జ్ఞాపకములు పోయిన పిమ్మట గూడ చిన్ననాటి పాటలు కొంతకాలము నిలిచియుండుట వైద్యులు గమనించిరి. కంఠస్థమైన పద్యమును, చేతికి పట్టువడిన తాళమును మెదడు తొందరగ విడిచిపెట్టదు. ఇంట అట్టి పెద్దలున్నవారు వారిచెంత పాతపాటలు పాడి చూడవచ్చును. వ్యాధి పోదుగాని, ఒక గడియ మనస్సు తేఱును.

2014వ సంవత్సరము సెప్టెంబరులో మాల్కమ్ ఇక తిరిగి రాలేడని ప్రకటించిరి. అప్పటికే ఆయన లేకుండ క్రొత్త ఆల్బము ముద్రణము పూర్తియైనది. ఆయన స్థానమున గిటారు పట్టినవాడు స్టీవీ యంగ్. ఇతడు యంగ్ సోదరులలో పెద్దవాడైన స్టీఫెన్ కుమారుడు. అనగా మాల్కమ్, ఆంగస్ ఇతనికి పినతండ్రులు. పెద్ద సంసారములలో జరుగునట్లు, ఈ యన్నకొడుకు చిన్నపినతండ్రికంటె రెండేండ్లలోపే చిన్నవాడు. 1988వ సంవత్సరమున మాల్కమ్ త్రాగుడు మానుటకై అమెరికా యాత్రనుండి తప్పుకొనినపుడు గూడ ఆ లోటు తీర్చినవాడితడే. ఇంటి తాళము ఇంటివానికే అప్పగింపబడెను. ఇతడు తన ప్రజ్ఞ చూపబోలేదు. పినతండ్రి దెబ్బ యెచ్చట పడునో తన దెబ్బయు అచ్చటనే వేసెను. పినతండ్రి విడిచిన ఖాళీని తానును విడిచెను.

ఆ ఆల్బము పేరు రాక్ ఆర్ బస్ట్. ఇందు పదునొకండు పాటలు; మొత్తము ముప్పదియైదు నిమిషములు. వారి ఆల్బములలో ఇదియే పొట్టిది. దీనిని విన్నపుడు పాటలు త్వరత్వరగ ముగియుచున్నట్లు తోచును. కొన్ని పాటలలో రిఫ్ బాగుగనే యున్నను, దానిని పెంచి మలుపు త్రిప్పు చేయి లోపించినట్లు నాకు వినబడినది. ఇది యథార్థమైన లోటు. దానిని కప్పిపుచ్చ బనిలేదు. తమ్ముడు అన్నతో కలిసి నలుబదియేండ్లు పాటలు కట్టినవాడు. ఒకడు ఒక పంక్తి వాయించిన రెండవవాడు దానికి జత పంక్తి వాయించుట వారి అలవాటు. ఇప్పుడు జత పంక్తికై ఎదురుచూచినచో పలుకువాడు లేడు. ఆ మౌనము ఆల్బమున వినబడుచునే యున్నది.

అటుపై మేళమునకు కష్టములు వరుసగ వచ్చెను. డ్రమ్ములు వాయించు ఫిల్ రడ్ తన సొంత చిక్కులచే యాత్రకు రాలేకపోయెను. 2016వ సంవత్సరమున గాయకుడు బ్రయన్ జాన్సన్‌కు వినికిడి క్షీణించెను. వెంటనే మానకున్నచో పూర్తిగ చెవుడు వచ్చునని వైద్యులు చెప్పిరి. మిగిలిన కచేరీలను ఆక్సెల్ రోజ్ అను మఱియొక మేళపు గాయకుడు పాడి నెట్టుకొనివచ్చెను. ఆ యేడే బేస్ గిటారు వాయించు క్లిఫ్ విలియమ్స్ విశ్రాంతి గైకొనెను. 2017వ సంవత్సరము అక్టోబరు 22వ తేది అన్న జార్జి మరణించెను. నాలుగు వారములు గడువకమునుపే, నవంబరు 18వ తేది, మాల్కమ్ తన అరువదినాలుగవ యేట కన్నుమూసెను. కుటుంబములో పుట్టిన మేళమున ఆంగస్, అన్నకొడుకు మిగిలిరి.

ఆంగస్ అప్పుడేమి చేసెను? ఇంటిలోని పెట్టెలు విప్పెను. అన్నదమ్ములు తమకు తోచిన రిఫ్‌లను, పాటల పల్లవులను ఎప్పటికప్పుడు టేపులపై ముద్రించి దాచుకొనుట మొదటినుండి వారి వాడుక. బ్లాక్ ఐస్ ఆల్బమునకు ముందు ఇద్దఱును కూర్చుండి కట్టినవి పెక్కులు వాడబడక మిగిలియుండెను. అన్న మఱచిపోయినవి, అన్న పోయిన పిమ్మట గూడ పెట్టెలో పదిలముగ నుండెను. ఆంగస్ వానిని విని, ఏర్చి, కూర్చెను. బ్రయన్ జాన్సన్ క్రొత్త వినికిడి సాధనముల సాయమున తిరిగివచ్చెను. ఫిల్ రడ్, క్లిఫ్ విలియమ్స్ తిరిగివచ్చిరి. 2018వ సంవత్సరమున వాంకూవరులోని ఆ ముద్రణశాలలోనే పని జరిగెను. 2020వ సంవత్సరము నవంబరు 13వ తేది, కరోనా వ్యాధి ప్రబలియున్న కాలమున, పవర్ అప్ అను పేర పండ్రెండు పాటల సంపుటము వెలువడెను. ఆస్ట్రేలియా, బ్రిటను, అమెరికా దేశములలో అది ప్రథమస్థాన మందెను.

నాలుగింటిలో నాకు మిక్కిలి నచ్చినది ఇదియే. కారణములు చెప్పెదను. ఇందు మాల్కమ్ చేయి లేదు. రిథమ్ గిటారంతయు స్టీవీది. కాని పాటల ఎముకలు అన్నదమ్ములిద్దఱును కలిసి కట్టినవి. అందుచే రాక్ ఆర్ బస్ట్ ఆల్బమున లోపించిన జత పంక్తి ఇందు తిరిగి వినవచ్చినది. పాటలు తొందరపడక నడచును. నిశ్శబ్దములు తమ చోట్ల నిలిచియున్నవి. త్రూ ది మిస్ట్స్ ఆఫ్ టైమ్ అను నొక పాట గలదు. కాలమను మంచుతెరల నడుమనుండి యని దాని పేరునకు అర్థము. ఈ మేళపు పాటలలో తఱచుగ కానరాని మెత్తదనము ఆ పాటలో నున్నది. అన్నకు అర్పించితిమని ప్రత్యేకముగ చాటనక్కఱలేకయే, వినువారికి అది తెలియును. బ్యాక్ ఇన్ బ్లాక్‌తో ఇది సమానమని నేను చెప్పను. ముప్పదియేండ్లవాని పరువు అఱువదియేండ్లవానికి రాదు. కాని పాట యెచ్చట ఆపవలెనో తెలిసినవాని నిదానము ఇందున్నది.

ఈ మేళముపై ఒక ఆక్షేపణ కలదు. వీరి పాటలన్నియు ఒక్కతీరుగనే యుండుననియు, నలుబదియేండ్లలో వీరు క్రొత్తగ చేసినదేమియు లేదనియు విమర్శకులు చెప్పుదురు. ఇది పూర్తిగ అసత్యము గాదు. ఒకే కొలతతో, ఒకే పనిముట్లతో పాటలు కట్టినవారు వీరు. కాని నేతగాడు ఏటేట చీర నేయుచున్నాడే, గుడారమేల నేయడని మన మడుగుదుమా? నేత గట్టిగనున్నదా, అంచు సరిగనున్నదా యని చూతుము. వీరి ఆల్బములను గూడ అట్లే పరీక్షింపవలెను. అట్లు పరీక్షించినపుడే బ్లాక్ ఐస్ కొంత వదులనియు, రాక్ ఆర్ బస్ట్ కొంత కుఱుచయనియు, పవర్ అప్ కుదురైనదనియు చెప్పగలుగుదుము. ఒకే తీరున నుండుటచేతనే సూక్ష్మమైన భేదములు మనకు తెలియుచున్నవి.

పాట కట్టినవాడే మఱచిన పిమ్మట ఆ పాట యెవరిది యని మొదట అడిగితిని. ఆంగస్ చేసిన పనిలో సమాధానమున్నది. రాక్ ఆర్ బస్ట్ వెలువడునాటికి మాల్కమ్ ఆ పాటలను గుర్తింపగలిగిన స్థితిలో ఉండెనో లేదో, తమ్ముడు ప్రతి పాటక్రిందను అన్న పేరు వ్రాయించెను. పవర్ అప్ నాటికి అన్న లేడు, అప్పుడును వ్రాయించెను. రచయిత పేరు ఉన్నచోట ఆదాయములో భాగమును, చరిత్రలో స్థానమును ఉండును. జ్ఞాపకము పోయినంతమాత్రమున హక్కు పోదని, మరణించినంతమాత్రమున పాలు తప్పదని ఆ తమ్ముడు చేతలలో చూపెను. అన్నదమ్ముల పంపకములు చూచిన పెద్దలు ఈ నడతకు విలువ కట్టగలరు.

మేళము నిలుచునా యను ప్రశ్నకును సమాధానము అచ్చటనే యున్నది. వ్యాధి సోకకమునుపు ఆయన దాచియుంచినది ఉండుటచే మేళము నిలిచినది. ఆ దెబ్బను దగ్గఱనుండి విని నేర్చినవాడు ఇంట నుండుటచే నిలిచినది. ఈ రెంటిలో ఏది లేకున్నను పవర్ అప్ లేదు. మన గ్రామములలో కోలాటపు పాటలు, తత్త్వములు, దంపుళ్ల పాటలు, వీధిభాగవతుల దరువులు నోట నుంచుకొనిన పెద్దలు ఇంకను ఉన్నారు. వారి నోట నున్నంతవరకే అవి పదిలము. నేడు ప్రతి యింటను ఉన్న ఫోనులో ధ్వనిముద్రణ చేయుట చిటికెలో పని. పాడినవారి పేరు, ఊరు, తేది చెప్పించి, వారి పాటను ముద్రించి భద్రపఱచుడు. పిల్లవాని నొకనిని ప్రక్కన కూర్చుండబెట్టి తాళము వేయించుడు. ముద్రణము పాటను దాచును. తాళము వేసిన చేయి దానిని మరల బ్రదికించును.

కరోనా సద్దుమణిగిన పిమ్మట 2023వ సంవత్సరమున ఆ మేళము మరల వేదిక నెక్కెను. 2024, 2025 సంవత్సరములలో ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియా ఖండములలో విశాలమైన మైదానములలో వాయించెను. డ్రమ్ములకు, బేస్ గిటారునకు క్రొత్తవారు వచ్చిరి. బడిపిల్లవాని లాగుతో ఆంగస్ ముందు నిలిచెను. వెనుక, డ్రమ్ముల ప్రక్క, మాల్కమ్ నిలిచిన చోటనే, అన్నకొడుకు నిలిచి తాళము పట్టెను. ఈ సంగీతము మీ చెవికి మొదట కటువుగ తోచవచ్చును. మనుమల ఫోనులో దీనిని వినుట తటస్థించినచో, ముందు మ్రోగు గిటారును విడిచి, కుడియెడమలలో ఒక ప్రక్క ఎడతెగక నడచు రెండవ గిటారుపై చెవి నిలుపుడు. దెబ్బకును దెబ్బకును నడుమనున్న ఖాళీని వినుడు. అది తెలిసినచో ఈ సంగీతమంతయు తెలిసినట్లే.